క్యూలో వేశాం సరే, పని అయిందా?

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో సగం ఒకే బాధ. మెసేజ్ క్యూల మీద (ఒక సర్వీసు పనిని మెసేజ్‌గా వేస్తే ఇంకోటి తీరిగ్గా తీసుకుని చేసే వరస) నడిచే వెబ్ సర్వీసులకి ఆటోమేషన్ టెస్టులు రాశాం, సోమవారం పాసయ్యాయి, మంగళవారం ఫెయిలయ్యాయి, మధ్యలో కోడ్ ఒక్క లైను కూడా మార్చలేదు, ఇదేం దయ్యమండీ అని. దయ్యమేం లేదు. మామూలు ఏపీఐ (ఒక ప్రోగ్రామ్ ఇంకోదాన్ని పిలిచే దారి) టెస్టులకి అలవాటైన చెయ్యి క్యూ దగ్గరికొచ్చేసరికి తడబడుతుంది, నాదీ తడబడింది. అందుకే ఈ నెల శీర్షిక మొత్తం ఆ ప్రశ్నలకే ఇచ్చేస్తున్నా.

ప్రశ్న: హైదరాబాద్‌లో ఒక ఆన్‌లైన్ కిరాణా కంపెనీలో టెస్టర్‌ని, రెండేళ్ల అనుభవం. ఆర్డర్ పెట్టే ఏపీఐ 202 ఇస్తుంది, ఆర్డర్ ర్యాబిట్‌ఎంక్యూ అనే మెసేజ్ క్యూ సాఫ్ట్‌వేర్‌లోకి వెళ్తుంది, వెనక ఇంకో సర్వీసు దాన్ని తీసుకుని స్టాక్ తగ్గించి ఎస్సెమ్మెస్ పంపుతుంది. నా టెస్టులో 202 చూశాక 5 సెకన్లు ఆగి స్టాక్ చెక్ చేస్తాను. నా లాప్‌టాప్‌లో ఎప్పుడూ పాస్, జెంకిన్స్‌లో (బిల్డులూ టెస్టులూ తనంతట తనే నడిపే సర్వర్) వారానికి మూడుసార్లు ఫెయిల్. 10 సెకన్లు చేస్తానంటే మా లీడ్ గారు బిల్డ్ టైమ్ పెరిగిపోతుందని ఒప్పుకోవట్లేదు. — ఒక పాఠకురాలు, హన్మకొండ

జవాబు: మీ లీడ్ గారి మాట కరెక్టేనండీ. పది చేస్తే వచ్చే నెల పదిహేను చెయ్యాల్సొస్తుంది, దానికి అంతు లేదు.

ముందు ఆ 202 ఏమంటోందో చూడండి. 200 అంటే పని అయింది, 202 అంటే మీ పని తీసుకున్నాం, ఇంకా చెయ్యలేదు. ఆదివారం పొద్దున టిఫిన్ సెంటర్లో డబ్బులు కట్టగానే టోకెన్ ఇస్తారు కదా, 202 ఆ టోకెన్. టోకెన్ చేతికొచ్చింది కాబట్టి దోసె తినేశానని ఎవరూ అనుకోరు, కానీ మన టెస్టుల్లో సగం 202 చూసి అక్కడితో పచ్చ గుర్తు పెట్టేసి ఇంటికెళ్లిపోతాయి. మీరు అలా చెయ్యకుండా స్టాక్ దాకా వెళ్లారు, అది మంచి సంగతి. తేడా వచ్చింది ఆ ఆగడం దగ్గర.

చిన్న లెక్క. ఇలాంటి టెస్టులు మీ దగ్గర 120 ఉన్నాయనుకుంటే, ఒక్కోదానికి 5 సెకన్ల చొప్పున 10 నిమిషాలు ఊరికే నిద్రకే పోయాయి. అంత నిద్రపోయినా, అదే జెంకిన్స్ మెషీన్ మీద ఇంకో నాలుగు బిల్డులు నడుస్తున్న రోజున ఆ 5 సెకన్లు చాలవు. అంటే పాసయ్యే రోజు టైమ్ దండగ, ఫెయిలయ్యే రోజు అబద్ధపు ఫెయిల్. రెండు వైపులా నష్టమే.

దాని బదులు ప్రతి 200 మిల్లీసెకన్లకోసారి స్టాక్ చూడండి. తగ్గిందా, అక్కడికక్కడే పాస్. తగ్గలేదా, మళ్లీ చూడండి, 20 సెకన్ల దాకా చూస్తూ పోయి, అప్పటికీ కదలకపోతే ఫెయిల్. మామూలు రోజున అర సెకనులో అయిపోయే పనికి టెస్టు కూడా అర సెకనులోనే అయిపోతుంది, కాబట్టి పైన గడువు 20 పెట్టినా 40 పెట్టినా బిల్డ్ టైమ్ పెరగదు, ఈ మాట మీ లీడ్ గారికి చెప్పండి. జావా అయితే అవెయిటిలిటీ అనే లైబ్రరీ సరిగ్గా ఇందుకే ఉంది. పైథాన్ అయితే పది లైన్ల లూప్ మీరే రాసేసుకోవచ్చు, దానికి లైబ్రరీ ఎందుకు.

ఇంకో అనుమానం కూడా ఉంది నాకు. మీ టెస్టులన్నీ ఒకే ఐటమ్ మీద, కందిపప్పు కిలో అనుకుందాం, ఆర్డర్ పెడుతున్నాయేమో చూసుకోండి. ముందు టెస్టు వదిలిపెట్టిన మెసేజ్ లేటుగా ప్రాసెసై మీ స్టాక్‌ని తగ్గిస్తే, మీ మెసేజ్ అసలు చేరకపోయినా టెస్టు పాసవుతుంది. ఇది ఫెయిలవడం కన్నా ఘోరం. ప్రతి టెస్టూ తన ఐటమ్ తనే తయారు చేసుకోవాలి, ఆర్డర్‌కి ప్రతిసారీ కొత్త ఐడీ పెట్టుకోవాలి, ఆ ఐడీతోనే వెతకాలి.

క్యూలో మెసేజ్‌ల కౌంట్ సున్నా అయిందా అని చూసి పాస్ చెయ్యడం మాత్రం మానెయ్యండి, ఇలా చేసేవాళ్లు చాలామందే ఉన్నారు. ర్యాబిట్‌ఎంక్యూ మేనేజ్‌మెంట్ పేజీలో కనిపించే అంకెలు మామూలు సెట్టింగ్‌లో 5 సెకన్లకోసారి అప్‌డేట్ అవుతాయి, మీరు చూసేది పాత అంకె కావచ్చు. అమెజాన్ వాళ్ల క్యూ సర్వీసు ఎస్‌క్యూఎస్‌లో అయితే ఆ కౌంట్ పేరులోనే ‘అప్రాక్సిమేట్’ అని రాసి పెట్టారు, వాళ్లే సుమారు అంటుంటే మనం ఖాయం అనుకోవడం ఏంటి? పైగా కన్‌స్యూమర్ (మెసేజ్ తీసుకుని పనిచేసే సర్వీసు) చేతిలోకి వెళ్లి ఇంకా యాక్, అంటే ‘పని అయింది’ అన్న కబురు, అందని మెసేజ్ రెడీ కౌంట్‌లో ఉండదు, పని మాత్రం అవ్వలేదు.

చివరగా, గడువు దాటి ఫెయిలైనప్పుడు ‘టైమవుట్’ అని ఒక్క మాట రాసి ఊరుకోకండి. ఆర్డర్ ఐడీ, ఆఖరిసారి చూసిన స్టాక్, డెడ్ లెటర్ క్యూలో (ప్రాసెస్ కాలేని మెసేజ్‌లు చేరే క్యూ) ఏమైనా పడిందా, ఈ మూడూ లాగ్‌లో ఉండాలి. రాత్రి రెండింటికి ఫెయిలైన బిల్డ్‌ని పొద్దున తొమ్మిదింటికి చూసేవాడికి అవే దిక్కు.

ప్రశ్న: మా టీమ్‌లో బ్రోకర్‌ని (క్యూలు నడిపే ర్యాబిట్‌ఎంక్యూ లాంటి సర్వర్) మాక్ చేసి, అంటే దాని బదులు ఉత్తుత్తిది పెట్టి, టెస్టులు రాస్తాం, చకచకా నడుస్తాయి, కవరేజ్ (టెస్టులు తాకిన కోడ్) 90 శాతం దాటింది. అయినా ప్రతి రిలీజ్‌లో క్యూ బగ్గే బయటపడుతోంది. నిజం ర్యాబిట్‌ఎంక్యూ పెట్టి టెస్టు చెయ్యాలంటారా? మా లాప్‌టాప్‌లు 8 జీబీవి. — ఒక డెవలపర్, విశాఖపట్నం

జవాబు: పెట్టాలి. మాక్ మీరు చెప్పమన్నదే చెప్తుంది, చిక్కంతా అందులోనే ఉంది.

ఒక్క ఉదాహరణ చాలు. ర్యాబిట్‌ఎంక్యూలో మెసేజ్ నేరుగా క్యూలో పడదు, ఎక్స్‌ఛేంజ్‌కి వెళ్తుంది, అక్కడ రౌటింగ్ కీ చూసి ఏ క్యూకి పంపాలో తేలుతుంది. పంపేవాడు కీని ‘ఆర్డర్’ అని రాశాడు, క్యూ కట్టినవాడు ‘ఆర్డర్స్’ అని రాశాడు అనుకోండి. ఏమవుతుంది? ఎర్రర్ రాదు, ఎక్సెప్షన్ రాదు, బ్రోకర్ ఆ మెసేజ్‌ని నిశ్శబ్దంగా పారేస్తుంది. పబ్లిషర్ కన్‌ఫర్మ్ (మెసేజ్ అందిందని బ్రోకర్ ఇచ్చే రసీదు) ఆన్ చేసుకున్నాం కదా అంటారేమో, అడ్రస్ లేని మెసేజ్‌కి కూడా బ్రోకర్ కన్‌ఫర్మ్ ఇచ్చేస్తుంది. మ్యాండేటరీ అనే ఫ్లాగ్ పెట్టి పంపితేనే అది వెనక్కి తిరిగొస్తుంది. ఇప్పుడు చెప్పండి, మీ మాక్‌కి ఇదంతా ఎవరు నేర్పారు? పబ్లిష్ అనే ఫంక్షన్‌ని పిలిచారా, పిలిచారు, పాస్. తొంభై శాతం కవరేజ్‌లో ఆ ఒక్క ‘ఎస్’ అక్షరం లేదు.

8 జీబీకి భయపడక్కర్లేదు. డాకర్‌లో (ప్రోగ్రామ్‌ని దానికి కావాల్సినవన్నీ కలిపి కంటెయినర్ అనే పెట్టెలో నడిపే సాధనం) ర్యాబిట్‌ఎంక్యూ కంటెయినర్ ఒక్కటే లేపితే మీరు తెరిచి పెట్టుకున్న క్రోమ్ ట్యాబ్‌ల కన్నా బరువేం కాదు. టెస్ట్‌కంటెయినర్స్ అని ఒక లైబ్రరీ ఉంది, మొదట జావాకి వచ్చింది, ఇప్పుడు పైథాన్, గో, డాట్‌నెట్, నోడ్ అన్నిటికీ ఉంది. టెస్టు మొదలవగానే బ్రోకర్‌ని లేపుతుంది, అయిపోగానే తుడిచేస్తుంది. రెండు మూడు జాగ్రత్తలు చెప్తా. పోర్ట్ 5672 అని టెస్టులో గట్టిగా రాసెయ్యకండి, ఆ లైబ్రరీ ప్రతిసారీ ఖాళీగా ఉన్న పోర్ట్ ఇస్తుంది, దాన్నే అడిగి తీసుకోండి, లేకపోతే ఒకే మెషీన్ మీద రెండు బిల్డులు కొట్టుకుంటాయి. కంటెయినర్ లేచింది అంటే లోపల బ్రోకర్ సిద్ధమైనట్టు కాదు, అది సిద్ధమయ్యేదాకా ఆగే ఏర్పాటు లైబ్రరీలోనే ఉంది, దాన్ని తీసెయ్యకండి. ప్రతి టెస్టుకీ కొత్త కంటెయినర్ లేపితే మాత్రం మీ లాప్‌టాప్ నిజంగానే ఏడుస్తుంది, మొత్తానికి ఒక్క కంటెయినర్ పెట్టి, టెస్టుకో కొత్త పేరుతో క్యూ కట్టుకోండి. ఇమేజ్ దగ్గర ‘లేటెస్ట్’ అని కాకుండా ప్రొడక్షన్‌లో ఉన్న వెర్షన్ నంబరే రాయండి.

అలాగని అన్నీ బ్రోకర్‌తోనే టెస్టు చెయ్యమనట్లేదు. మెసేజ్ చేతికొచ్చాక చేసే లెక్కలు, డిస్కౌంట్, జీఎస్టీ, స్టాక్, వాటిని క్యూ గొడవ తెలియని మామూలు ఫంక్షన్‌గా విడదీసి వాటికి వందల టెస్టులు రాసుకోండి, మిల్లీసెకన్లలో అయిపోతాయి, మాక్ కూడా అక్కర్లేదు. అసలు బ్రోకర్‌తో ఓ ముప్పై నలభై చాలు. ఏపీఐ దగ్గర్నుంచి ఎస్సెమ్మెస్ దాకా మొత్తం కలిపి నడిపేవి నాలుగైదు ఉంటే ఎక్కువ.

ప్రశ్న: ఒకే మెసేజ్ రెండుసార్లు రావడం అన్నది నిజంగా జరుగుతుందా, లేక ఇంటర్వ్యూల్లో అడగడానికి పెట్టుకున్న ప్రశ్నా? ఆరేళ్లలో నేనొక్కసారి కూడా చూడలేదు. — ఒక పాఠకుడు, డాలస్

జవాబు: చూడలేదా, పట్టుకోలేదా?

నా అనుభవం చెప్తాను. పేరెందుకు గానీ ఒక కంపెనీలో క్యాష్‌బ్యాక్ సర్వీసు మాది. ఎస్‌క్యూఎస్ క్యూలో మెసేజ్ పడుతుంది, మా వర్కర్ దాన్ని తీసుకుని బ్యాంకు ఏపీఐని పిలిచి కస్టమర్ ఖాతాలో డబ్బు వేసి, మెసేజ్‌ని డిలీట్ చేస్తుంది. ఎస్‌క్యూఎస్‌లో ఒక వర్కర్ మెసేజ్ తీసుకున్నాక అది మిగతా వర్కర్లకి కొంతసేపు కనబడదు, దాన్ని విజిబిలిటీ టైమవుట్ అంటారు, మనమేం చెప్పకపోతే అది 30 సెకన్లు. మేమేం చెప్పలేదు. మామూలుగా బ్యాంకు రెండు సెకన్లలో జవాబిచ్చేది. జీతాలు పడే రోజు సాయంత్రం ఆ జవాబు 40 సెకన్లు పట్టింది. ముప్పయ్యో సెకనుకి మెసేజ్ మళ్లీ క్యూలో ప్రత్యక్షమైంది, ఖాళీగా ఉన్న రెండో వర్కర్ దాన్ని పట్టుకుంది, అదీ శ్రద్ధగా బ్యాంకుని పిలిచింది. అలా ఆ రోజు కొన్ని వందల మందికి రెండేసి క్యాష్‌బ్యాక్‌లు వెళ్లాయి. డబ్బు ఎక్కువ పడిందని కస్టమర్ కేర్‌కి ఫోన్ చేసేవాళ్లు ఎవరుంటారు చెప్పండి? నెలాఖరున లెక్క తేలక అకౌంట్స్ వాళ్లు పట్టుకున్నారు. అందాకా మా డాష్‌బోర్డులన్నీ పచ్చగా కళకళలాడుతూనే ఉన్నాయి.

ఇందులో ఎస్‌క్యూఎస్ తప్పేం లేదు. స్టాండర్డ్ క్యూ ఇచ్చే హామీయే ‘కనీసం ఒక్కసారి’. ర్యాబిట్‌ఎంక్యూ అయినా అంతే, యాక్ ఇవ్వకుండా కనెక్షన్ తెగిపోతే మెసేజ్‌ని మళ్లీ ఇస్తుంది, ఇవ్వాలి కూడా, లేకపోతే పోగొట్టుకున్నట్టే. కాబట్టి క్యూ ఉన్న చోట టెస్టు అడగాల్సిన అసలు ప్రశ్న మెసేజ్ చేరిందా అన్నది కాదు. రెండుసార్లు చేరినా, లేటుగా చేరినా, మధ్యలో వర్కర్ చచ్చినా, పని ఒక్కసారే జరిగిందా అన్నది.

మేం తర్వాత రాసిన టెస్టులు ఇవీ. మొదటిది చాలా సులువు, అదే మెసేజ్‌ని రెండుసార్లు పంపి క్యాష్‌బ్యాక్ టేబుల్లో ఒకే వరస ఉందా అని చూడటం. ఇది అదే రోజు పాసైపోయింది, ఎందుకంటే మా డెవలపర్ ‘ముందే ఉందా’ అని చూసి, లేకపోతేనే రాసేలా కోడ్ మార్చాడు. నాకు నమ్మకం కుదర్లేదు. రెండో టెస్టులో టెస్ట్ క్యూకి విజిబిలిటీ టైమవుట్ 2 సెకన్లు పెట్టి, ఉత్తుత్తి బ్యాంకు సర్వీసు ఒకటి రాసి దాన్ని 3 సెకన్లు లేటుగా జవాబివ్వమని, వర్కర్లని రెండు నడిపాం. ఢామ్మని ఫెయిలైంది. మొదటి వర్కర్ బ్యాంకు జవాబు కోసం ఆగి ఉన్నప్పుడు టేబుల్లో ఇంకా ఏమీ రాయలేదు, రెండోది చూస్తే ఖాళీయే, అదీ బ్యాంకుని పిలిచేసింది. చూసి రాయడం చాలదు. బ్యాంకుని పిలవకముందే ఆర్డర్ నంబర్ మీద యూనిక్ కీతో (అదే నంబర్‌ని రెండోసారి రాయనివ్వని కట్టడి) వరస రాసేసి హక్కు పెట్టుకోవాలి, ఆ రాతలో ఓడిపోయిన వర్కర్ తప్పుకోవాలి.

సరే, హక్కు పెట్టుకుని బ్యాంకుని పిలవబోతూ మొదటి వర్కర్ చచ్చిపోతే? వరస ఉంది, డబ్బు వెళ్లలేదు. లేదా వెళ్లిందేమో, తెలీదు. అందుకని వరసకి ‘మొదలైంది’, ‘అయింది’ అని స్థితి పెట్టి, మొదలై అలాగే ఉండిపోయినవాటిని కాసేపయ్యాక మళ్లీ ప్రయత్నించేలా, బ్యాంకుకి మాత్రం ప్రతిసారీ అదే రిఫరెన్స్ నంబర్ పంపేలా మార్చాం, ఆ నంబర్ రెండోసారి చూస్తే బ్యాంకు పాత జవాబే ఇస్తుంది. మూడో టెస్టు దీనికే. ఉత్తుత్తి బ్యాంకు డబ్బు వేసినట్టు రాసుకుని, జవాబు ఇవ్వకుండా కనెక్షన్ తెంపేస్తుంది, అదే క్షణంలో టెస్టు వర్కర్ ప్రాసెస్‌ని చంపేస్తుంది. కొత్త వర్కర్ లేచాక చూస్తే బ్యాంకు పుస్తకంలో ఆ రిఫరెన్స్ మీద ఒకటే జమ ఉండాలి. ఈ ఒక్క టెస్టు రాయడానికి మూడు రోజులు పట్టింది, నేను రాసినవాటిలో నాకు బాగా ఇష్టమైనది కూడా ఇదే.

ప్రశ్న: ఎస్‌క్యూఎస్ ఫిఫో క్యూ (ముందొచ్చినదాన్నే ముందు ఇచ్చే రకం) మీద టెస్టు రాశాను. మొదటిసారి పాస్. వెంటనే మళ్లీ నడిపితే మెసేజ్ రాలేదని ఫెయిల్. టీ తాగొచ్చి నడిపితే పాస్! పిచ్చెక్కుతోంది. — బెంగళూరు నుంచి ఒకరు

జవాబు: టీకి ఐదు నిమిషాలు పైనే పట్టింది కదా? అదే రహస్యం. ఫిఫో క్యూ ఒకే డీడూప్లికేషన్ ఐడీతో (అదే మెసేజ్ మళ్లీ వచ్చిందా అని పట్టుకునే గుర్తు) 5 నిమిషాల్లోపు వచ్చిన రెండో మెసేజ్‌ని తీసుకున్నట్టు నటిస్తుంది, ఇవ్వదు. మీరు కంటెంట్‌ని బట్టి ఆ ఐడీ తయారయ్యే సెట్టింగ్ పెట్టుకుని, టెస్టులో ప్రతిసారీ అదే బాడీ పంపుతున్నట్టున్నారు. బాడీలో ప్రతి రన్‌కీ మారే ఐడీ ఒకటి వెయ్యండి, లేదా డీడూప్లికేషన్ ఐడీ మీరే ఇవ్వండి.

పనిలో పనిగా, టెస్టుకీ టెస్టుకీ మధ్య పర్జ్ చేసి క్యూ ఖాళీ చేద్దామనుకోకండి, అది పూర్తవడానికి 60 సెకన్ల దాకా పట్టొచ్చు, ఆ 60 సెకన్లలో రెండోసారి పర్జ్ అడిగితే ఒప్పుకోదు కూడా. క్యూని డిలీట్ చేసి అదే పేరుతో కట్టాలన్నా 60 సెకన్లు ఆగాల్సిందే. కొత్త పేరుతో కొత్త క్యూ కట్టుకోవడమే మేలు. మెసేజ్‌లు తీసుకునేటప్పుడు లాంగ్ పోలింగ్ (మెసేజ్ వచ్చేదాకా కాసేపు ఆగి చూడటం) పెట్టండి, గరిష్ఠంగా 20 సెకన్లు ఇవ్వొచ్చు. షార్ట్ పోలింగ్ వాళ్ల సర్వర్లలో కొన్నింటినే అడుగుతుంది కాబట్టి, క్యూలో మెసేజ్ ఉన్నా ఖాళీ చేతులతో తిరిగి రావచ్చు.

ప్రశ్న: కాఫ్కా (ఇంకో రకం మెసేజ్ బ్రోకర్) టెస్టులో మెసేజ్ పంపుతా, కన్‌స్యూమర్ మొదలుపెడతా, అది అలా కూర్చునే ఉంటుంది. ఏం చెయ్యాలి? — గుంటూరు

జవాబు: కన్‌స్యూమర్ గ్రూప్ (మెసేజ్‌లు పంచుకునే కన్‌స్యూమర్ల జట్టు) కొత్తదైతే కాఫ్కా మామూలుగా ‘ఇప్పట్నుంచి వచ్చేవే’ ఇస్తుంది, అంతకుముందు పంపినవి ఇవ్వదు. ఆఫ్‌సెట్ రీసెట్ సెట్టింగ్‌ని లేటెస్ట్ నుంచి ఎర్లియెస్ట్‌కి మార్చండి. దాంతోపాటు టెస్ట్ బ్రోకర్‌లో గ్రూప్ మొదటి రీబ్యాలెన్స్ (కన్‌స్యూమర్లకి పని పంచడం) ఆలస్యం 3 సెకన్లుంటుంది, దాన్ని సున్నా చేస్తే ప్రతి టెస్టుకీ ఆ మూడు సెకన్లు మిగులుతాయి.

ప్రశ్న: ‘క్యాన్సిల్ చేసిన ఆర్డర్‌కి ఎస్సెమ్మెస్ వెళ్లకూడదు’ అని టెస్టు రాయాలి. వెళ్లకూడదు అన్నదాన్ని ఎంతసేపు చూసి నమ్మాలి సార్? — ఒక టెస్టర్, కరీంనగర్

జవాబు: మంచి ప్రశ్న, చాలామంది ఇక్కడే మళ్లీ 5 సెకన్ల నిద్రకి దిగిపోతారు. చూస్తూ కూర్చోకండి. క్యాన్సిల్ అయిన ఆర్డర్ మెసేజ్ పంపిన వెంటనే దాని వెనకే మామూలు ఆర్డర్ ఒకటి పంపండి, కాపలా మెసేజ్ అనుకోండి. దాని ఎస్సెమ్మెస్ వచ్చేదాకా చూడండి. అది వచ్చిందంటే ముందుదాని వంతు అయిపోయినట్టే, అప్పుడు ముందుదానికి ఎస్సెమ్మెస్ లేదని ధైర్యంగా చెప్పొచ్చు. కానీ ఇది వరస తప్పని చోటే పనిచేస్తుంది, అంటే ర్యాబిట్‌ఎంక్యూలో ఒకే క్యూ, ఒకే కన్‌స్యూమర్, ప్రీఫెచ్ 1 (ఒకసారికి ఒకటే మెసేజ్ తీసుకోవడం). వర్కర్లు నాలుగుంటే కాపలావాడు ముందుగా వచ్చేయొచ్చు. ఎస్‌క్యూఎస్ స్టాండర్డ్ క్యూలో వరసకి హామీయే లేదు, అక్కడ ‘ఈ మెసేజ్ చూశాను, వదిలేశాను’ అని వర్కర్‌తోనే ఎక్కడైనా రాయించి ఆ రాతని చూడండి.

ప్రశ్న: డేటాబేస్‌లో ఆర్డర్ ఉంటోంది, క్యూలో మెసేజ్ ఉండట్లేదు. రోజుకి వెయ్యిలో ఒకటో రెండో. టెస్టులో ఎంత ప్రయత్నించినా దొరకట్లేదు. — విజయవాడ

జవాబు: మీ టెస్టులో నెట్‌వర్క్ మరీ మంచిగా ఉంది, అదీ సంగతి. ఆర్డర్ సేవ్ అయ్యాక, మెసేజ్ పంపేలోపు బ్రోకర్‌తో లైను తెగుతోందని నా అనుమానం. షాపిఫై వాళ్లు రాసిన టాక్సీప్రాక్సీ అని ఒకటి ఉంది, మీ సర్వీసుకీ బ్రోకర్‌కీ మధ్య దాన్ని పెడితే టెస్టులోంచే లైను తెంపొచ్చు, నెమ్మది చెయ్యొచ్చు. లైను తెంపి ఆర్డర్ పెట్టండి, తిరిగి కలపండి, మెసేజ్ వస్తుందేమో చూడండి. రాదు. అంతే, దొరికింది.

బాగు చెయ్యడానికి అందరూ వాడే దారి అవుట్‌బాక్స్: ఆర్డర్ రాసే ట్రాన్సాక్షన్‌లోనే పంపాల్సిన మెసేజ్‌ని కూడా ఒక టేబుల్లో రాసేసి, వేరే ప్రాసెస్ ఒకటి ఆ టేబుల్ చూసి క్యూకి పంపి ‘పంపాను’ అని టిక్ పెట్టడం. అది పంపాక, టిక్ పెట్టేలోపు చచ్చిందంటే మెసేజ్ రెండోసారి వెళ్తుందని ఈపాటికి మీకే తెలిసి ఉంటుంది, పైన డాలస్ ఆయనకి చెప్పిందంతా మీకూ వర్తిస్తుంది.

ప్రశ్న: మా ఎస్సెమ్మెస్‌లలో కస్టమర్ పేరు తెలుగులో ఉంటే ప్రొడక్షన్‌లో ప్రశ్నార్థకాలు వస్తున్నాయి. టెస్టులన్నీ పాసే. — రాజమహేంద్రవరం

జవాబు: టెస్టుల్లో కస్టమర్ పేరు ‘టెస్ట్ యూజర్ వన్’ అని ఇంగ్లిషులో ఉండి ఉంటుంది, పందెం. మీది జావా, పాత వెర్షన్ అనుకుంటున్నా. స్ట్రింగ్‌ని బైట్లుగా మార్చేటప్పుడు ఎన్‌కోడింగ్ (ఏ అక్షరానికి ఏ బైట్లో చెప్పే పద్ధతి) చెప్పకపోతే పాత జావా మెషీన్ సెట్టింగ్‌ని వాడుకునేది. మీ లాప్‌టాప్‌లో అది యూటీఎఫ్-8, కంటెయినర్‌లో లోకేల్ (భాష సెట్టింగ్) పెట్టని లైనక్స్ కాబట్టి ఉత్త ఆస్కీ, అంటే ఇంగ్లిషు అక్షరాలే. 2022లో వచ్చిన జావా 18 నుంచి ఎక్కడైనా యూటీఎఫ్-8నే తీసుకుంటోంది. మీరు ఎన్‌కోడింగ్ పేరు కోడ్‌లో రాసేసి, టెస్టుని కూడా అదే కంటెయినర్ ఇమేజ్‌లో నడపండి.

‘శ్రీ’ అని పంపి చూడండి. మనకి ఒక్క అక్షరం, మెషీన్‌కి శ, పొల్లు, ర, దీర్ఘం, మొత్తం నాలుగు. అందుకే దాని చోట నాలుగు ప్రశ్నార్థకాలు కనిపిస్తాయి. యూటీఎఫ్-8లో అది 12 బైట్లు, జేసన్‌లో (డేటా రాసే పద్ధతి) ఎస్కేప్ చేసి, అంటే అక్షరం బదులు దాని కోడ్ రాసి, పంపితే 24, పైథాన్ మామూలుగా చేసేది ఈ రెండోదే. ఎస్సెమ్మెస్ లెక్క ఇంకా ఇరుకు: ఇంగ్లిషులో 160 అక్షరాలు పట్టే మెసేజ్‌లో తెలుగైతే 70, అందులో ఒక్క శ్రీ నాలుగు తినేస్తుంది. టెస్ట్ డేటాలో శ్రీలక్ష్మి, జ్యోత్స్న లాంటి పేర్లు తప్పకుండా ఉండాలి. ‘హైదరాబాద్‌లో’ లాంటి మాట కూడా ఒకటి పెట్టండి, ద్‌కీ లోకీ మధ్య కంటికి కనబడని నాన్-జాయినర్ అక్షరం ఒకటి కూర్చుని ఉంటుంది. దారిలో ఏ సర్వీసో దాన్ని తీసేస్తే ల కాస్తా ద కింద వత్తుగా దిగి మాట రూపమే మారిపోతుంది, పోలిస్తే కూడా వేరనే వస్తుంది. దాని మీద నేను ఒక శుక్రవారం మధ్యాహ్నం మొత్తం పోగొట్టుకున్నాను.

ప్రశ్న: ఎనిమిదేళ్లుగా మాన్యువల్ టెస్టర్‌ని, కోడింగ్ పెద్దగా రాదు. ఇప్పుడు ప్రాజెక్టులో క్యూలంటున్నారు, టెన్షన్‌గా ఉంది. ఎక్కడ మొదలుపెట్టను? — ఒక పాఠకురాలు, తిరుపతి

జవాబు: కోడ్‌తో మొదలుపెట్టకండి. డాకర్‌లో ర్యాబిట్‌ఎంక్యూ మేనేజ్‌మెంట్ ఇమేజ్ లేపించుకోండి, మీ డెవలపర్ ఎవరైనా ఐదు నిమిషాల్లో చేసి పెడతారు. బ్రౌజర్‌లో 15672 పోర్ట్ తెరిచి, చేత్తోనే ఒక క్యూ కట్టి, చేత్తోనే మెసేజ్ వెయ్యండి. మీ ప్రాజెక్టు కన్‌స్యూమర్‌ని దానికి కలిపి, మెసేజ్ ప్రాసెస్ అవుతుండగా దాన్ని చంపెయ్యమనండి, అన్‌యాక్డ్ అన్న చోట ఉన్న 1 కాసేపటికి రెడీ కిందకి దిగడం చూస్తారు. తర్వాత జేసన్‌లో ఒక బ్రాకెట్ తీసేసిన మెసేజ్ వెయ్యండి. అది డెడ్ లెటర్ క్యూకి వెళ్లి పడుకుంటుందా, లేక కన్‌స్యూమర్ దాన్ని తీసుకుని, విసిరేసి, మళ్లీ తీసుకుని, మళ్లీ విసిరేసి గిరగిరా తిరుగుతుందా చూడండి. తిరుగుతుంటే మీరు మొదటి రోజే ఒక బగ్ పట్టినట్టు. అన్నట్టు ఆ డెడ్ లెటర్ అన్న పేరు పోస్టాఫీసుల నుంచి వచ్చిందే, అడ్రస్ దొరకని ఉత్తరాలు చేరే చోటు, మన తపాలా శాఖలో దాన్నే రిటర్న్‌డ్ లెటర్ ఆఫీస్ అనేవారు.

ఇలా చేత్తో చేసిన పది పనుల్నీ ఒక కాగితం మీద వరసగా రాసుకోండి: ఏం పంపాను, ఏం ఆపాను, ఏం జరగాలి. ఆ కాగితం తీసుకెళ్లి మీ టీమ్‌లో పైథాన్ వచ్చిన కుర్రాడి పక్కన కూర్చుని మొదటిదాన్ని ఇద్దరూ కలిసి టెస్టుగా రాయండి. ఏం చంపాలో, ఎప్పుడు చంపాలో అతనికి తెలియకపోవచ్చు, మీకు తెలుసు.